కోడలి నిద్ర

పొద్దున ఎనిమిదిన్నరకు నజియా నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చేది. భద్రాచలంలో ఒక ప్రైవేటు దవాఖానాలో నర్సు ఆమె. కాళ్లు కడుక్కొని, మంచం పట్టె మీద కూర్చొని, తన నిద్రను అత్త ఫజిలత్‌కు ఇచ్చేది. ఇవ్వడమంటే పెద్ద తతంగమేం కాదు. అత్త భుజానికి తల ఆనిస్తే టీ చల్లారేలోపల ఆవులింతలు ఇటు నుంచి అటు పోయేవి. ఫజిలత్ ఒక పక్కకు ఒరిగి కోడలి నిద్ర పోయేది. రాత్రి తన నిద్ర, పగలు కోడలి నిద్ర. పక్కింటి మోతీ తోడుకు పెరుగు అడగడానికి వచ్చి, తలుపు మూసి ఉంటే, "రెండో నిద్రల ఉన్నట్టుంది" అనుకొని చప్పుడు చెయ్యకుండా పోయేది.

ఇది మొదలై నాలుగేళ్లు. కూతురు ఫరహా పుట్టిన మూడో నెలకే నజియా మళ్లీ డ్యూటీలో చేరాల్సి వచ్చింది. భర్త ఖాలిద్ లారీ ఎక్కితే పది రోజులకు గానీ దిగడు. పగలు పిల్లను చూసుకోవాలి, వండాలి, బట్టలు పిండాలి, ఆపైన సర్కారు నర్సు పోస్టుల పరీక్షకు చదవాలి.

"నా మోకాళ్లు పనికి రావు గని, నిద్రకు అడ్డం రావు. నీది గూడ నేనే పోత తియ్యి" అన్నది ఫజిలత్ అప్పట్లో.

వారానికొక సెలవు రోజు మాత్రం నజియా తన నిద్ర తనే పోయేది. మిగతా ఆరు రోజులు మెలకువే. కళ్ల కింద నలుపు చర్మం రంగులో కలిసిపోయింది. రెండుసార్లు పరీక్ష రాసింది, రెండుసార్లూ పోయింది. సూదులు, సెలైన్లు చేతులకు అలవాటే, వాటికి తలతో పని లేదు. పుస్తకంలో చదివిందే నిలవడం లేదు. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది.

పరీక్ష ఇంకా పన్నెండు రోజులుందనగా, ఒక మధ్యాహ్నం ఫజిలత్ నిద్ర లేచి అడిగింది.

"నజియా, మెదడు లోపల సముద్రపు గుర్రం అసొంటిది ఒకటి ఉంటదా?"

నజియా గరిటె ఆపింది. "హిప్పోకాంపసా? నీకెవరు చెప్పిన్రు అమ్మీ?"

"ఎవరు చెప్తరు? యాదికొచ్చింది. పొద్దంత చూసినయి, చదివినయి ముందుగాల అదే పట్టుకుంటదంట. నిద్ర పోయినంక అన్ని మళ్ల మళ్ల తిరగేసి, ఉంచేటియి మెదడు పై పొరలకు అప్పజెప్తదంట. నిద్ర లేకుంటే అప్పజెప్పుడే లేదంట."

ఫజిలత్ బడి మొహం చూసిన మనిషి కాదు. నజియా పుస్తకం తెచ్చి ఎక్కడ పడితే అక్కడ తెరిచి అడిగింది. కిడ్నీ, టీకాలు, మందుల మోతాదులు. అన్నిటికీ జవాబొచ్చింది. నజియా పుస్తకం మూసింది.

"చదివింది నేను. నాటుకున్నది నీకు."

కాసేపటికి ఆమెకు ఇంకొకటి తోచింది. ఆ మాట అడగడానికి భయమేసింది. "ఫరహా మొదలు నడిచిన రోజు యాదికుందా నీకు?"

"ఉంది బేటీ. నేను నిద్రల ఉన్న, కళ్లతోని చూడలే. కని యాదికుంది. నువ్వు పప్పు కడుగుతున్నవ్. ఎనక నుంచొచ్చి నీ చున్నీ పట్టుకున్నది. నువ్వు తడిచేతులతోనే ఎత్తుకొని ఏడ్చినవ్."

నజియాకు అలాంటి రోజొకటి తన బతుకులో జరిగినట్టే లేదు. మర్నాడు పొద్దున డ్యూటీ దిగి వచ్చి ఆమె తన నిద్రను ఎవరికీ ఇవ్వలేదు. చాప మీద పడుకొని తనే పోయింది. లేచేసరికి పప్పు నీళ్ల చల్లదనం, చున్నీని లాగిన చిన్న పిడికిలి, అన్నీ ఉన్నాయి. పరుగున వచ్చి చెప్పింది.

"ఏ నడక?" అన్నది ఫజిలత్.

అట్ల తెలిసింది వాళ్లకు. ఫజిలత్ చెప్పినదాని మీద నజియా నిద్ర పోతే అది నజియాకు చేరుతుంది. ఫజిలత్‌లో మిగలదు.

"పాఠాలు చెప్పనా, పిల్ల రోజులు చెప్పనా?" అడిగింది అత్త.

"పాఠాలే చెప్పు అమ్మీ" అన్నది నజియా, ఫరహా వైపు చూడకుండా.

"సిగ్గెందుకే? పిల్ల రోజులు యాడికి పోతయి, నా దగ్గరనే ఉన్నయి. ముందు నౌకరి."

మిగిలిన రోజులన్నీ ఫజిలత్ పాఠాలు చెప్పింది, నజియా విని పడుకుంది. గిన్నెలు కడగక పడి ఉన్నాయి. ఫరహా మోతీ ఇంట్లో ఆడుకుంది. పరీక్ష ఖమ్మంలో. బస్సులో పోయి రాసి, బస్సులోనే వచ్చింది. ఎంపికైనవాళ్ల పేర్లు వచ్చినప్పుడు నజియా పేరు చివరి పేజీలో, దాదాపు అడుగున ఉంది.

చర్ల దారిలో ఒక చిన్న సర్కారు దవాఖానాలో పోస్టింగ్ ఇచ్చారు. పగటి డ్యూటీ. రెండు గదుల క్వార్టర్, వెనక టేకు చెట్లు. సాయంత్రం నాలుగున్నరకు వచ్చి నజియా చాప మీద వాలేది. ఫజిలత్ పక్కన కూర్చొని పిల్ల రోజులు ఒక్కొక్కటే చెప్పేది. పన్నొచ్చిన రోజు, జ్వరంలో పలవరించిన రోజు, ఏమీ జరగని రోజు. రెండేళ్లు చెప్పింది.

"పొద్దంత మెలకువ ఉంటే దినం ఇంత పొడుగుంటదని మర్చిపోయిన" అనేది మధ్యలో. చెప్పినకొద్దీ ఆమె మొహం ఖాళీ చేసిన ఇల్లులా తేలికపడింది.

ఒక ఆదివారం ఫరహా బయట ఆడుకుంటుంటే నజియా అడిగింది. "ఇంకెన్ని ఉన్నయి అమ్మీ?"

"ఒక్కటే."

"చెప్పు మరి."

ఫజిలత్ చాప అంచున ఊడిన పోగును వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"అది నేనుంచుకోనా?"

"ఏ రోజు అది?"

"చెప్తే నీదైతది గద బేటీ."

నజియా అత్త మొహంలోకి చూసింది. ఆ మొహంలో ఆ రోజేదో నడుస్తూనే ఉంది.

"ఉంచుకో" అన్నది. గోడ వైపు తిరిగి కళ్లు మూసుకుంది.