ఇంగ్లీషు దయ్యం, మోహన రాగం

నేను ఒక తెల్ల గడ్డాన్ని. తెనాలిలో ఒక మేకప్పాయన చేతిలో, మేక వెంట్రుకలతో తయారయ్యాను. వసిష్ఠుడి దగ్గర్నుంచి రిటైరైన జడ్జీ దాకా చాలామంది చుబుకాలకు మర్యాద తెచ్చిపెట్టాను. ముసలివాళ్ళకు గౌరవమివ్వని కుర్రాళ్ళు కూడా నన్ను అంటించుకోగానే ఎదుటివాళ్ళకు నీతులు చెప్పేవాళ్ళు.

చివరికి చిదంబర శాస్త్రి మాస్టారి చేతికి వచ్చాను. ఆయన కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవారు. వెనకటికి ఇంగ్లండులో ఒక నాటకకర్త ఉండేవాడట. వీరుల వేషాలు పక్కవాళ్ళకిచ్చి, తన నాటకాల్లో తనే దయ్యమూ, ముసలి నౌకరూ వేసేవాడట. చూసి రాసిపెట్టినవాడు ఒక్కడూ లేడు గానీ, వాదించుకునేవాళ్ళు మాత్రం బోలెడంతమంది. మాస్టారు దాని మీదే నాటకం రాసి, ఆ దయ్యం వేషం తనకే ఉంచుకున్నారు. అన్నాళ్ళూ రాయడమే గాని రంగమెక్కింది లేదు. రిటైరయ్యేలోపు ఒక్కసారైనా ఎక్కాలని కోరిక.

దర్శకురాలు సువర్చల, ఆయన పాత శిష్యురాలు. నాటక పరిషత్తు పోటీలో నలభై నిమిషాలు దాటితే నాటకాన్ని పోటీలోంచి తీసేస్తారు.

"మాస్టారూ, మీ దయ్యం రెండు నిమిషాల్లో దిగిపోవాలండీ."

"దయ్యానికి టైమేంటే అమ్మాయ్?"

"దయ్యానికి లేదు. పరిషత్తుకుంది."

పోటీ రోజు మధ్యాహ్నం ఇంగ్లీషు దయ్యం మోహన రాగంలో పద్యం ఎత్తుకుంది. ఇంగ్లండులో ఏం చేసేవారో నాకు తెలియదు, మనకైతే పద్యం లేకుండా ఎవరూ చావరు, చచ్చాక కూడా ఊరుకోరు. అయిపోగానే హాలంతా "వన్స్‌మోర్" అంది. మన దగ్గర వన్స్‌మోర్ అంటే చచ్చిపడ్డవాడు కూడా లేచి పాడాలి. మాస్టారికి లేచే శ్రమ కూడా లేదు.

పక్కన తెర చాటు నుంచి సువర్చల రెండు చేతులూ జోడించింది. చెమటకు జిగురు వదిలి నేను ఒక చెంపన వేలాడుతున్నాను. మాస్టారు ఆమెను చూశారు. జనాన్ని చూశారు. నన్ను ఒక చేత్తో అదిమిపట్టి, ఆలాపన మొదలుపెట్టారు.

నలభై మూడు నిమిషాలు. నాటకాన్ని తీసేశారు.

తర్వాత సువర్చల కొబ్బరినూనె రాసి నన్ను ఊడబీకింది. కాస్త గట్టిగానే.

"మూడు నెలల రిహార్సల్సు ఒక్క పద్యానికి ధారపోసేశారు."

"తప్పేనమ్మా."

"తప్పే." రెండో చెంప వైపు లాగి, ఆగింది. "వాచీ నా చేతిలోనే ఉందండీ. మీరు పాడుతున్నంతసేపూ నేను దాని వంక చూళ్ళేదు."

మాస్టారు చాలాసేపు ముఖం తుడుచుకున్నారు. నూనె అంతేమీ లేదు.

ఇప్పుడు నేను ఆయన బీరువాలో, రిటైరైన రోజు కాలేజీవాళ్ళు కప్పిన శాలువా మీద ఉన్నాను. పక్కనే సన్మాన పత్రం. రాసిన నాటకాలన్నీ వరసగా అచ్చేశారు. వేసిన వేషం గురించి ఒక్క ముక్క లేదు. సాక్షిని నేనున్నాను గానీ, గడ్డాన్నెవరు అడుగుతారు?