మెత్త వేసిన కర్రలు

గోల్ఫులో కొట్టే కర్రనీ క్లబ్ అంటారు, కొట్టడానికి వెళ్ళే చోటునీ క్లబ్ అంటారు. ఇంత పెద్ద ఆట కనిపెట్టినవాళ్ళకి ఇంకో పేరు దొరకలేదంటే ఆశ్చర్యమే. మా అక్కకి ఆ తికమక లేదు. చేతిలో ఉన్నది కర్ర, ఆడే చోటు గడ్డి. "నేను గడ్డికి పోతున్నా" అని వీధి చివరిదాకా వినపడేలా చెప్పి మరీ బయల్దేరేది. అలా చెప్పుకుని వెళ్ళే ప్రాణి మా వీధిలో ఇంకొకటి ఉంటే దానికి తోక ఉండేది.

అలాంటి మనిషి ఒక ఉదయం గడ్డికి పోవడం మానేస్తున్నానంది. ఏ మాటకైనా ముందు నవ్వి తర్వాత ఆలోచించే నాకు ఆ మాటకి నవ్వు రాలేదు.

ఎందుకంటే అక్క ఆట ఆట కోసం కాదు. ఆవిడకి మోకాలు మార్చారు. కొత్త మోకాలు బాగానే కుదిరింది గానీ, రోజూ నడవకపోతే అది బిగుసుకుపోయి పాతదానికంటే మొండికేస్తుందని వ్యాయామం నేర్పే డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అక్కేమో నడవదు. పనీ పాటా లేకుండా ఊరికే చుట్టూ తిరగడానికి నేనేమైనా గడియారం ముల్లునా అనేది. నెలల తరబడి కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, నడిచే వాళ్ళని చూసి వాళ్ళ నడకలకి వంకలు పెట్టేది. అప్పుడు ఎలాగో ఈ ఆట పట్టుకుంది. తను కొట్టిన బంతి ఎటో పోతుంది, దాని మీద కోపంతో తనూ పోతుంది. అలా ఎంత దూరం నడిచిందో ఆవిడకే తెలిసేది కాదు. బంతి వెనక పడితే నడక, లేకపోతే పడక. మా ఇంట్లో ఆడే కర్ర మూలపడితే ఊతకర్ర బయటికొస్తుందని అందరికీ తెలుసు. అక్కకి ఇంకా బాగా తెలుసు.

మానేయడానికి కారణం మోచెయ్యి. మోకాలి కోసం మొదలుపెట్టిన ఆట మోచేతికి చుట్టుకుంది. ఒక పూట ఆడితే ఆ రాత్రికి గ్లాసు ఎత్తడానికి కూడా చెయ్యి లేచేది కాదు. డాక్టరు విశ్రాంతి ఇమ్మన్నాడు, ఇచ్చింది. నొప్పి తగ్గేది, మళ్ళీ ఆడేది, మళ్ళీ మొదలు. చివరికి తన ఒంటికి ఈ ఆట పడదని తీర్పు చెప్పి, సంచీని తలుపు వెనక నిలబెట్టి, వెళ్ళి ఆ కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది.

ఆ కుర్చీ గురించి ఒక మాట చెప్పాలి. దాన్ని చేసింది మా బావ. బావ సోఫాలు కుడతాడు. ఆయన చేసిన దాంట్లో కూర్చున్నవాడు లేవాలంటే ఇంకొకడు చెయ్యివ్వాలి, అంత మెత్తన. గోల్ఫు మా ఇంటికి వచ్చింది కూడా ఆయన వల్లే. క్లబ్బులో కుర్చీలు బాగుచేయడానికి వెళ్ళి, పని మధ్యలో సరదాకి ఒక బంతి కొట్టి, ఆ బంతితోపాటు తనూ ఆటలో పడిపోయాడు. ఆయన ఆరడుగుల మనిషి, అరచెయ్యి తమలపాకు కాదు, అరిటాకు. కొన్నేళ్ళు ఆడాక నడుం పట్టేసింది. అక్కకి మోకాలు మార్చాక తన కర్రలన్నీ ఆవిడకి ఇచ్చేశాడు.

ఊరికే ఇవ్వలేదు. మా ఇంట్లో ఏ వస్తువూ చెత్తలోకి పోదు, కాస్త పొట్టిదై పక్కవాళ్ళకి పోతుంది. నాన్న కోటు నాకు కోటయింది, నా కోటు మా అబ్బాయికి చొక్కా అయింది. ఆ లెక్కన బావ రంపం తీసి, అక్క ఎత్తుకి తగ్గట్టు ప్రతి కర్రనీ పైనుంచి కోశాడు. కోసిన చోట పట్టుకోవడానికి మెత్తగా ఉండాలని గుడ్డ చుట్టి, దాని మీద స్పాంజి పెట్టి, పైన పల్చటి తోలు వేసి, కుట్టు కనపడకుండా కుట్టాడు. చూస్తే ముద్దొచ్చేవి. మా బావ చెయ్యి తిరిగిన పనివాడు. పాపం ఆ పనితనం వల్లే మా అక్క చెయ్యి తిరగడం మానేసింది. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

తెలిసింది ఎలాగంటే, తలుపు వెనక సంచీ అడ్డం వస్తోందని జరపబోయి ఒక కర్ర బయటికి తీశాను. నా చెయ్యి అక్క చేతికంటే పెద్దది. అయినా నా వేళ్ళు దాని చుట్టూ సరిగా మూసుకోలేదు. రోకలి పట్టుకున్నట్టుంది. ఇంత లావు పిడి జారకుండా ఉండాలంటే ప్రాణం పెట్టి పిసకాలి, అలా పిసుకుతూ కొడితే మోచెయ్యి ఊరుకుంటుందా? నేను కళ్ళజోళ్ళ దుకాణం వాణ్ణి. ఇంకొకరి అద్దాలు పెట్టుకుని తలనొప్పంటూ తల పట్టుకొచ్చే వాళ్ళని రోజూ చూస్తాను. అక్క దగ్గరికి వెళ్ళి, నీది మోచేతి జబ్బు కాదు, పిడి జబ్బు అన్నాను.

అక్క ముందుగది వైపు చూసింది. అక్కడ బావ కుట్టు మిషను చప్పుడు ఆగలేదని చూసుకుని, గొంతు తగ్గించింది. అక్క గొంతు తగ్గించడం నా జీవితంలో అరుదు.

"నాకు తెలీదనుకున్నావట్రా? మీ బావ నడుంనొప్పితో కూర్చుని ఒక్కోటీ కుట్టారు. నా చేతికి ఒత్తుకోకూడదని. అది లావుగా ఉందని ఏ నోటితో చెప్పను? చెయ్యి ముసలిదైందని చెప్పుకోవడం తేలిక."

నేనేదో అనబోతే, ఆయన ముందు ఈ మాటెత్తావో నీతో మాట్లాడనంది. అది బెదిరింపని తెలుసు. అయినా బెదిరాను.

పాము చావాలి, కర్ర విరగకూడదంటారు. మా ఇంట్లో పాము పేరు నొప్పి, కర్ర పేరు బావ మనసు. రెండు రోజులు బుర్ర గోక్కున్నాను. ఆటసామాన్ల దుకాణం ఒకటి నాకు తెలుసు. దాని వెనకగదిలో మనిషి ఒడ్డూ పొడుగూ, కొట్టే తీరూ చూసి, తగిన కర్ర ఎంచి ఇస్తారు. అక్కడికి ముగ్గురం వెళ్దామన్నాను. అక్క గట్టిగా కాదంది. బావ అంతకంటే గట్టిగా సరేనన్నాడు. తను కొలిచి కోసిన కర్రలు ఎంత సరిగ్గా ఉన్నాయో నలుగురికీ తెలియాలని ఆయన ఆశ. సంచీ తనే మోసుకొచ్చాడు.

వెనకగదిలో ఒక పక్క వల, నేల మీద పచ్చటి చాప, గోడకి వరసగా కర్రలు. మెడలో కొలిచే టేపు వేసుకుని ఒక అమ్మాయి ఎదురొచ్చింది. బావ ఆ టేపు చూసి మనవాళ్ళే అన్నట్టు తలూపాడు. ఆ అమ్మాయి అక్కని నిటారుగా నిలబెట్టి, మణికట్టు నుంచి నేలదాకా కొలిచింది. అరచెయ్యి విప్పించి వేళ్ళు కొలిచింది. తర్వాత బావ కర్ర అడుగున ఒక టేపుముక్క అంటించి, నేల మీద గట్టి పలక వేసి, దాని మీదనుంచి బంతి కొట్టమంది. కర్ర అడుగు పలకకి ఎక్కడ తగిలితే టేపు మీద అక్కడ మరక పడుతుంది. మరక మధ్యలో పడాలి. అక్కది కర్ర మడమ దగ్గర, అంటే కాడ అతికిన వైపు పడింది. అంటే కర్ర ముక్కు, అదే అవతలి కొస, పైకెత్తుకుని నిలబడుతోందనీ, అందుకే బంతి ఎప్పుడూ ఎడమకి పోతోందనీ ఆ అమ్మాయి చెప్పింది. పొడుగు మనిషి కోసం చేసిన కర్ర పొట్టి అయినా దాని పొగరు తగ్గదన్నమాట.

పైనుంచి కోయడం వల్ల కాడ బిరుసెక్కిందని కూడా అంది. బావకి అది నచ్చలేదు. బల్ల కాలు ఎత్తయితే కొయ్యమా అని వాదించాడు. బల్లని ఎవరూ ఊపరు కదండీ అని ఆ అమ్మాయి మెల్లిగా అంది. బావ బట్టతల నిమురుకున్నాడు. మోకాలికీ బోడిగుండుకీ ముడి పడ్డం నేను కళ్ళారా చూసింది అప్పుడే.

ముందుగా ఆ అమ్మాయి ఎంచి ఇచ్చిన కర్ర మరీ తేలికైపోయింది. అక్క ఊపిన ఊపుకి అది బంతిని దాటిపోయి గాలిని కొట్టింది. తప్పు నాదేనండీ అని ఆ అమ్మాయి నవ్వేసి, రెండోది తెచ్చింది. సన్నటి పిడి, కాస్త ఒంగే కాడ, ముక్కు దించుకుని బుద్ధిగా నిలబడే కర్ర.

అక్క కొట్టింది. చప్పుడు మారింది. అంతవరకూ తలుపు కొట్టినట్టుండేది, ఇప్పుడు చిటికె వేసినట్టుంది. బంతి వల నడిమధ్యకి వెళ్ళి తగిలింది. అక్క ఒక్క క్షణం వలనే చూస్తూ ఉండిపోయింది. తర్వాత పక్కనే నిలబడ్డ బావని చూసింది.

తేడా ఏమీ లేదంది. అన్ని కర్రలూ ఒకటేనంది. తర్వాత బంతిని కావాలనే పక్కకి కొట్టింది. ఆ తర్వాతదీ అంతే. చూశావా, నా చెయ్యే అంత అంది.

నాకు ఒళ్ళు మండింది. అక్షరాల పలక బట్టీ పట్టి చదివేసి, చూపు బాగుందని నన్ను నమ్మించబోయే వాళ్ళని ఎంతమందిని చూళ్ళేదు? కానీ నోరు కట్టేసుకున్నాను. పాపం ఆ అమ్మాయి నమ్మేసింది. మొహం చిన్నబుచ్చుకుని కర్ర గోడకి తగిలించబోయింది. అది గోడకెక్కితే అక్క కుర్చీ ఎక్కుతుంది, ఇక దిగదు.

"ఉండమ్మా," అన్నాడు బావ.

బావ దుకాణంలో ఒక పద్ధతుంది. సోఫా కొనడానికి వచ్చినవాళ్ళు కూర్చుని మర్యాదకి బాగుందనే అంటారు. ఆ మాట ఆయన చెవిన వేసుకోడు. భుజాలు చూస్తాడు. కూర్చోగానే భుజాలు కిందికి జారితే సోఫా కుదిరినట్టు. చెవుల దగ్గరికి లేస్తే, నోరు ఎంత మెచ్చుకున్నా స్పాంజి మార్చేస్తాడు. జీవితమంతా ఆయన మనుషుల్ని చదివింది అక్కడే.

అక్క చేతికి తను కుట్టిన కర్ర ఇచ్చి కొట్టమన్నాడు. కొట్టింది. కొత్తది ఇచ్చి కొట్టమన్నాడు. బంతి మళ్ళీ పక్కకే పోయింది, అక్క అంత నిజాయితీగా అబద్ధమాడుతోంది. ఇంకోసారి పాతది, ఇంకోసారి కొత్తది. బావ బంతి వైపు చూడనేలేదు.

"ఆవిడ మాట వినకమ్మా," అన్నాడు ఆ అమ్మాయితో. "బంతినీ నమ్మకు. నా కర్ర పట్టుకోగానే భుజాలు చెవులకి తగులుతున్నాయి. నీది పట్టుకుంటే దిగుతున్నాయి."

అక్క చేతిలో కర్రని నేలకి ఆనించి, దాని వైపే చూస్తోంది.

"ఎన్నాళ్ళ నించీ?" అన్నాడు బావ.

"నొప్పా?"

"నొప్పి సంగతి కాదు. నాకు చెప్పకపోవడం."

"మీరు కుట్టి ఇచ్చిన రోజు నించీ," అంది అక్క. "అంత బాగా కుట్టారు మరి."

బావ పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆయనకి కోపం వచ్చిందేమోనని ఆ అమ్మాయి నా వైపు చూసింది, నేను గోడ వైపు చూశాను. బావ జేబులోంచి కుట్లు విప్పే చిన్న కత్తి తీశాడు. అది లేకుండా ఆయన బజారుకి కూడా వెళ్ళడు. తన కర్ర ఒళ్ళో పెట్టుకుని, తోలు కుట్టు ఒక్కొక్కటే తెంపాడు. తోలు ఊడింది. కింద స్పాంజి. స్పాంజి కింద గుడ్డ. గుడ్డ తీస్తే ఇంకో గుడ్డ. ఉల్లిపాయ వలిచినట్టు వలుస్తూనే ఉన్నాడు, కళ్ళల్లో కాస్త నీళ్ళు కూడా వచ్చాయి. చివరికి సన్నటి ఇనపకాడ మిగిలింది, పక్కన గుడ్డపీలికలు ఒక దిండుకి సరిపడా పోగయ్యాయి.

బావ ఆ పోగు చూశాడు, కాడ చూశాడు, అక్కని చూశాడు.

"కర్రకి కూడా సోఫా చేశానే," అన్నాడు.

ముందు నవ్వింది ఆయనే. తర్వాత అక్క నవ్వింది. నవ్వితే కర్ర పట్టు జారి చాప మీద పడింది. పట్టు అంటే అంతే, పిసికితే చెయ్యి పోతుంది, విడిస్తే కర్ర పోతుంది. మా అక్కాబావల కాపురం ఇన్నేళ్ళు నిలిచింది ఈ పట్టూవిడుపుల మీదే గానీ, ఆ సూత్రం గోల్ఫుకీ వర్తిస్తుందని అక్కడే తెలిసింది.

ఆ తర్వాత బావ ఆ అమ్మాయికి చుక్కలు చూపించాడు. పిడి కింద వేసే టేపు ఒక చుట్టా రెండా అని అడిగాడు, కాడ ఎంత ఒంగుతుందో వంచి చూపించమన్నాడు, అక్క చేత ప్రతి కర్రా పట్టించి చూశాడు. సంచీ నిండా అక్కర్లేదనీ, ముందు కొద్దిపాటి కర్రలతో మొదలుపెట్టి, చెయ్యి కుదుటపడ్డాక మిగతావి చూద్దామనీ ఆ అమ్మాయి అంది. సరైన కర్ర పట్టగానే పాత నొప్పి రేపటికి మాయమైపోదనీ, కొన్నాళ్ళు చిన్న దెబ్బలే కొట్టాలనీ కూడా చెప్పింది. అక్క అన్నిటికీ తలూపుతూనే ఇంకో బంతి చాప మీద పెట్టుకుంది. ఇక ఈ పూటకి చాలండీ అని ఆ అమ్మాయి అక్క చేతిలోంచి కర్ర లాక్కోవాల్సొచ్చింది.

కర్రలు తయారై వచ్చాక ఒక ఉదయం ముగ్గురం గడ్డికి వెళ్ళాం. సంచీ నేను మోశాను. చిన్న దెబ్బలు కొట్టమన్న సంగతి అక్కకి గుర్తులేదో, గుర్తుండీ లేనట్టుందో గానీ, రెండు మూడు కొట్టాక కాస్త గట్టిగానే ఊపింది. ఎదురుగా చిన్న మిట్ట ఉంది. బంతి దాని మీదుగా లేచి అవతల పడింది.

ఇదివరకు అక్క ఆ మిట్టని ఎప్పుడూ ఎక్కలేదు, చుట్టూ తిరిగి పోయేది. ఈసారి బంతి మీద ధ్యాసలో పడి ఎక్కడం మొదలుపెట్టింది. బావ పిలవబోయి ఆగాడు. నేను కూడా నోరు మూసుకున్నాను, ఇది నాకు అలవాటైపోతోంది. మెల్లిగా, ఒక్కోసారి ఆగుతూ పైదాకా ఎక్కి నిలబడింది. మోచెయ్యి మడిచింది, చాపింది. మొహం కాస్త చిట్లించింది గానీ, చెయ్యి మాత్రం పట్టుకోలేదు.

బంతి కనపడిందా అని బావ కిందనుంచి కేకేశాడు.

"కనపడింది. చాలా దూరం పోయింది," అంది అక్క, శుభవార్త చెప్పినట్టు. మా కోసం ఆగకుండా అవతలివైపు దిగిపోయింది.