దోర్సాఫ్ ఎముకలు

ఎండిన ఆక్టోపస్ వాసన... ప్రయోగశాల అంతా.

ఆ వాసన వచ్చిందంటే నజీబా వచ్చినట్టే. కెర్కెన్నా దీవిలో పడవెక్కి, నాలుగేళ్ల కూతురు దోర్సాఫ్‌ను చంకనేసుకుని, స్ఫాక్స్ రేవులో దిగి వస్తుంది. చేతిలో డాక్టరమ్మకని ఒక పొట్లం.

ఇది మూడోసారి. మళ్లీ రక్తం ఇవ్వడానికే.

"ఎన్నిసార్లు తోడతారు డాక్టరమ్మా? నుయ్యనుకున్నారా దీన్ని?"

డాక్టర్ రౌదా పిల్ల చెయ్యి అందుకుంది. సూది తీసింది.

మొదటిసారి కరెంటు పోయింది — కణాలు చల్లబడి చచ్చాయి. రెండోసారి కస్టమ్స్ గోదాములో మందుసీసా పదకొండు రోజులు ఎండకు ఉడికింది. ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే మాట: "సంతకం పెట్టేవారు సెలవులో ఉన్నారు మేడమ్."

సెలవట.

పిల్ల ఎముకలకు ఎవరిస్తారు సెలవు?

ఒంట్లో ఎముకను కట్టే కణాలుంటాయి. తినే కణాలూ ఉంటాయి. కట్టేవి ఒక ప్రోటీన్‌ను వదిలి పిలవాలి — ఆ పిలుపు అందితేనే రక్తంలోని పసికణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి తినే కణాలవుతాయి. పాత ఎముకను తొలుస్తాయి. కొత్తదానికి చోటిస్తాయి.

దోర్సాఫ్ ఒంట్లో తినేవి లేవు.

కట్టడమే... కట్టడమే.

ఎక్స్‌రేలో తొడ ఎముక సుద్దముక్కలా తెల్లన. సుద్దముక్కలాగే విరుగుతుంది. కంటినరం దూరే కంత కూడా పూడిపోతోంది.

ఆ పసికణాలు పుట్టేది ఎముక మజ్జలో. దోర్సాఫ్ అక్క మజ్జ సరిపోయిందన్నారు. వచ్చే నెల ట్యూనిస్ పెద్దాసుపత్రిలో మార్పిడి. దానికి ముందు మందులతో పిల్ల సొంత మజ్జను చంపేస్తారు.

తప్పు పసికణాలదైతే అక్క మజ్జ కాపాడుతుంది. తప్పు పిలుపుదైతే — ఆ నరకమంతా దండగ.

తప్పు దేనిదో తేల్చాల్సింది రౌదా. బయటి దేశంలో తయారైన పిలుపు ఒక సీసాడు, చెంచాడు రక్తం, గోరంత ఎముక పలక. ఇంత చిన్న పనికి ఐదు నెలలు!

కొత్త సీసా కోసం ఈసారి తనే వెళ్లింది. గోదాము గుమ్మంలో బైఠాయించి, ఐసుపెట్టెలో పెట్టుకుని తెచ్చింది.

పసికణాలను పలక మీద వేసి పిలుపు పోసిన ఇరవై ఒకటో రోజు పొద్దున మైక్రోస్కోపులో కన్ను పెట్టింది.

గుంటలు.

పలక నిండా గుంటలు. పిలవగానే వచ్చి, ఆబగా తిన్నాయి. ఇంత ఆరోగ్యంగా ఉన్న కణాలను ఆమె ఏళ్లుగా చూడలేదు.

ఒళ్లు మండిపోయింది.

బతకండర్రా అని ఐదు నెలలు బతిమాలితే, బతికి — చెప్పిన మాట ఇదా? పసికణాల్లో ఏ తప్పూ లేదు. పిలుపే లేదు. అక్క మజ్జ వచ్చినా దాన్నీ పిలిచేవారుండరు.

ట్యూనిస్‌కు ఫోన్ చేసి మార్పిడి ఆపించింది. "మరి వేరే దారి?" అన్నాడు అక్కడి డాక్టరు. సీసాలోది ప్రయోగాలకే పనికొస్తుంది; ఆ పిలుపును ఒంట్లోకి ఎక్కించే మందు ఇంకా ఎవరి దగ్గరా లేదు. అతనికీ తెలుసు.

తర్వాత నజీబాకు చేసింది.

"కణాలు బాగున్నాయి నజీబా. కానీ..."

"నాకు తెలీదా డాక్టరమ్మా, నా పిల్ల రక్తం ఎలాంటిదో?" నజీబా నవ్వుతోంది. ఇన్ని నెలల్లో మొదటిసారి. "ఏయ్ దోర్సాఫ్, ఇటు రా. డాక్టరమ్మ ఏమంటుందో నువ్వే విను."

ఫోను చేతులు మారింది.

అవతల చిన్న ఊపిరి... వింటోంది.