పెర్లు శాంతయ్య

శాంతయ్య ఎంటర్ కొట్టి మెడ వెనక్కి వాల్చాడు. నల్లటి తెర మీద తెల్లక్షరాలు జరజరా దిగాయి. పొద్దున వచ్చిన ఫొటోలన్నీ పేర్లు మార్చుకుని ఎవరి ఫోల్డరులోకి వాళ్లు వెళ్లి కూర్చున్నాయి. తిరువూరు బస్టాండు ఎదుటి ఫ్లెక్సీ షాపులో మిగతావాళ్లు మౌసుతో చేసే పనంతా ఆయన పెర్ల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో రాసి కంప్యూటరు చేత చేయిస్తాడు. అందుకే అందరికీ ఆయన పెర్లు శాంతయ్య. కళ్లజోడు కాలుకి దారం చుట్టి ఉంటుంది. బొమ్మలు దిద్దమంటే చేయి వణుకుతుంది. ఇదీ పోతే ఈ వయసులో ఎవడు పిలిచి పనిస్తాడు? ఆ భయం రోజూ టీతోపాటే గొంతులోకి దిగుతుంది.

శుభలేఖలో పోయినవాళ్ల పేరు ముందు కీ.శే. లేకపోతే చుట్టాలు ఊరుకుంటారా? చెప్పడం మరిచిపోయేదీ వాళ్లే, తర్వాత గొడవకొచ్చేదీ వాళ్లే. అందుకని శాంతయ్య ఈమధ్య ఓ ఉపాయం చేశాడు. షాపులో ఇన్నాళ్లూ శ్రద్ధాంజలి ఫ్లెక్సీ వేసిన పేరేదైనా శుభలేఖలో కనబడితే, ప్రోగ్రామే కీ.శే. తగిలిస్తుంది. ఎంత మురిసిపోయాడో, పాపం!

మధ్యాహ్నం విస్సన్నపేట నుంచి కనకమ్మ శుభలేఖల కట్టతో దిగింది. వెనకాలే ఆవిడ భర్త దశరథరామయ్య, నిక్షేపంలా, చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏంటండీ ఇది? పిల్ల పెళ్లికి మా ఆయన్ని చంపేశారేంటి? వియ్యపురాలు ఫోన్‌లో ఒకటే ఏడుపు!"

శాంతయ్య కట్టలోంచి ఒక శుభలేఖ లాగి చూశాడు. దశరథరామయ్య పేరు ముందు కీ.శే. ఉంది. నిరుడు పోయింది రెడ్డిగూడెం దశరథరామయ్య. ప్రోగ్రాము పేరొకటే చూసింది. ఊరు కూడా చూడమని ఆయన రాయలేదు.

"పోనీలేవే, ఆయుష్షు పెరుగుద్దంటారుగా," అన్నాడు దశరథరామయ్య.

షాపు యజమాని నవీన్ కుమార్ మాత్రం నవ్వలేదు.

"దాన్ని సరిచేసేవాడు మీరు తప్ప ఊళ్లో ఇంకొకడు లేడు బాబాయ్. రేపు మీకేమన్నా అయితే నేనెవర్ని పిలవాలి? ఇంక ఇంటికెళ్లండి. అన్నీ కరుణశ్రీ ఫోన్‌లోనే చేసుకుంటుంది."

"ప్రోగ్రాములో ఒక్క వరస చాలు బాబూ! ఊరు కూడా చూడమంటే సరిపోద్ది. నీ కాళ్లు పట్టుకుంటా, ఒక్క నిమిషం ఆగు."

జవాబు కోసం ఆగకుండా కూర్చుని గబగబా కొట్టాడు. వరస పూర్తయింది. ఎంటర్ మీదికి వేలు వెళ్లేలోపే నవీన్ గోడ మీద స్విచ్చి ఆపేశాడు. తెర ఆరిపోయింది.

పక్క సీటులో బొమ్మలు దిద్దే కరుణశ్రీ తలొంచుకుంది. శాంతయ్య టిఫిన్ క్యారేజీ తీసుకుని రోడ్డు దాటాడు. రెడ్డిగూడెం వైపు బస్సు వచ్చి ఆగింది, వెళ్లిపోయింది.

సాయంత్రం కంప్యూటరుని మూలకి నెట్టారు. దాని కీబోర్డులో ఎంటర్ మీట ఒక్కటే, మీదున్న అక్షరాలు అరిగిపోయి, నున్నగా ఉంది.