పరాయి చీర మీద నా పువ్వు

నేను ఒక చెక్క అచ్చును. టేకు నా ఒళ్లు, పెడన నా పుట్టిల్లు. బ్రహ్మలింగం అనే ఆచారి సన్నని ఉలితో ఓపిగ్గా తొలిచి నా ముఖాన ఒక దానిమ్మ పువ్వును, దానికి అటూ ఇటూ రెండు వంకర ఆకులను నిలబెట్టాడు. ఒక ఆకు కొన దగ్గర ఉలి జారి చిన్న గాటు పడింది. చందమామకు మాత్రం మచ్చ లేదా అనుకుని నన్ను అలాగే ఇచ్చేశాడు.

నన్ను చేతపట్టినవాడు నాంచారయ్య. గోపాలస్వామిగారి అద్దకం షెడ్డులో పొడవాటి బల్లకు ఇటు అతను, అటు ఏసోబు. కులాలు వేరైనా ఒకే ఏడు పనిలో చేరి ‘బావా’ అంటే ‘బావా’ అనుకునేవారు. నాంచారయ్య నన్ను రంగులో అద్ది, గుడ్డ మీద ఆనించి, వీపు మీద పిడికిలితో ఒక్క గుద్దు గుద్దేవాడు. ఆ దెబ్బ తినడానికే పుట్టాననిపించేది.

ఈర్ష్య నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. షెడ్డు అటకమీద పురుగు తిన్న ముసలి అచ్చులుండేవి. బందరు రేవుకు పారశీకులు వచ్చారనీ, తర్వాత డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు వచ్చారనీ, తమ తాతల పువ్వుల కోసం ఓడలు లంగరు వేసుకుని కాచుకునేవనీ అవి చెప్పుకుంటుంటే నాకు కడుపు మండేది. నేను పుట్టేసరికి బందరులో చేపల పడవలే మిగిలాయి.

కొన్నాళ్లకు దేశం తలుపులు తెరిచిందన్నారు. ఎక్కడెక్కడి నుంచో దొరలు, దొరసానులు వచ్చి బల్లల చుట్టూ తిరిగారు. పరదాలు, దుప్పట్లు లారీలకెక్కాయి. నా పువ్వు సముద్రం దాటింది. ప్రపంచీకరణ అంటే అదే కాబోలనుకున్నాను. అప్పట్లో దాన్ని తిట్టినవాడు పెడనలో ఒక్కడు లేడు. తన వాకిట్లోంచి సరుకు బయటికి పోతుంటే మనిషికి లోకమంతా ఒకటేననిపిస్తుంది. బయటి సరుకు లోపలికి వచ్చినప్పుడే ఇల్లు గుర్తుకొస్తుంది.

ముందు స్క్రీను వచ్చింది. చట్రానికి బిగించిన పల్చటి జాలీ గుడ్డ అది. ఎముక లేదు, బరువు లేదు. రంగు పోసి రబ్బరు బద్దతో లాగితే చాలు, నా పూటంతటి పని కన్నుమూసి తెరిచేలోగా అయిపోయేది. అది పని చేస్తుంటే నేను చూడలేకపోయేవాణ్ణి. ఏసోబు దాని వెంట పోయాడు. ముగ్గురు పిల్లల ఇల్లు, ఆర్డర్లు తగ్గుతున్నాయి, ఏం చేస్తాడు? ఊరి చివర సొంతంగా రేకుల షెడ్డు వేసుకున్నాడు. ఆ రోజు నుంచి నాంచారయ్య అతనితో కలిసి టీ తాగడం మానేశాడు. అడిగినవాళ్లకు తాను సంప్రదాయాన్ని కాపాడుతున్నానని చెప్పేవాడు. మనుషులకు ఆ వెసులుబాటు ఉంది, అసూయకు మరో పేరు పెట్టుకోగలరు. నేను చెక్కను. నాది ఒట్టి ఏడుపు.

తర్వాత వచ్చింది అసలు దెబ్బ. ఎక్కడో మరమగ్గాల మీద నేసి, ఏ దేశపు మిల్లులోనో అచ్చేసిన కలంకారీ చీరలు బేళ్లకు బేళ్లు బందరు బజారులో దిగాయి. మా షెడ్డులో సగం బల్లలు ఖాళీ అయ్యాయి. చివరికి ఊరంతా ఊరేగింపు తీసింది. నాంచారయ్య నన్ను జెండాలా పైకెత్తి ముందు నడిచాడు. అంత ఎత్తున నేనెప్పుడూ లేను. అక్కడినుంచి చూస్తే నినాదాలిచ్చేవాళ్ల ఒంటి మీద చొక్కాలన్నీ మిల్లువే. ఆ ముక్క నాంచారయ్యకు చెప్పడానికి నాకు నోరు లేదు.

బస్టాండు సెంటర్లో సభ జరిగింది. చరిత్ర చెప్పి రిటైరైన ఒక మాస్టారు లేచారు. మూడు వందల ఏళ్ల కిందట మన దేశపు అద్దకాలు తమ పొట్ట కొట్టాయని లండన్ నేతగాళ్లు తిరగబడ్డారనీ, ఆ బట్టలు కట్టుకున్న ఆడవాళ్ల మీద వీధుల్లో సిరా పోశారనీ చెప్పారు. ఏడ్చేవాడి చోటు మారుతుంది గాని ఏడుపు మారదని, ఆడవాళ్ల మీద పడితే బతుకులు బాగుపడవని ఆయన చెప్పబోయారు. సిరా దగ్గరే చప్పట్లు మోగాయి. మిగతాది ఎవరికీ వినపడలేదు.

సరిగ్గా అప్పుడే నాంచారయ్య భార్య తిరుపతమ్మ మొగుడికి మజ్జిగ తెచ్చింది. ఒంటి మీద కొత్త చీర. చీర నిండా దానిమ్మ పువ్వులు, వంకర ఆకులు. ఆకు కొనన గాటు కూడా ఉంది. నా మచ్చను సైతం ఎత్తుకుపోయారు. నేను ఒక్కో గుద్దుకు ఒక్కో పువ్వు పూశాను, మర ఒక్క ఊపున వేలు పూయించింది. పైగా ఆ పువ్వు నా మనిషి ఇల్లాలి భుజమెక్కి కూర్చుంది. ఆ క్షణాన నిప్పు దొరికితే దానితోపాటు నేనూ కాలిపోదును.

దిష్టిబొమ్మకు పూయడానికి తెచ్చిన నల్లరంగు కుండను ఎవడో ఎత్తాడు. "మన ఊళ్లోనే కట్టుకు తిరుగుతారా!" అంటూ విసిరాడు. టీకొట్టు దగ్గర ఒంటరిగా నిలబడ్డ ఏసోబు ఒక్క అంగలో అడ్డం వచ్చాడు. రంగు సగం అతని ముఖాన, ఛాతీ మీద పడింది. సగం చీర మీద పడింది. నా దొంగపువ్వు నల్లబడుతుంటే నాకు లోలోపల చల్లగా అనిపించింది.

తిరుపతమ్మ కొంగు దులుపుకోలేదు. మొగుణ్ణే చూస్తూ నెమ్మదిగా అంది.

"ఇన్నేళ్లు పువ్వులద్దారు. మీరు అద్దిన చీర నేను ఎన్నడన్నా కట్టానా? అది కొనే స్తోమతు మనకెక్కడిదండీ? మీ పువ్వు కట్టుకోవాలని నాకూ ఉండదా?"

నాంచారయ్య చెయ్యి కిందికి దిగింది. దానితో నేనూ దిగాను. చీర మీది పువ్వు నాకన్నా అందంగా లేదు, ఆమెకు అందింది, అంతే. నా ఈర్ష్య చావలేదు గాని, దాన్ని ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక తడబడింది. నాంచారయ్య తన తువ్వాలు తీసి ఏసోబు ముఖం తుడవబోయాడు.

"వద్దులే బావా, అది వదిలే రంగు కాదు. మనం పెట్టిన రంగేగా," అన్నాడు ఏసోబు.

మా షెడ్డు మూతపడ్డాక నాంచారయ్య ఏసోబు దగ్గరే పనికి కుదిరాడు. ఇద్దరూ మళ్లీ ఒకే బల్లకు అటూ ఇటూ నిలబడ్డారు, చేతుల్లో రబ్బరు బద్దలు. మా అచ్చులన్నిటినీ గోపాలస్వామిగారు గోనెసంచుల్లో పోసి హైదరాబాదు వ్యాపారికి అమ్మేశారు.

ఇప్పుడు నేను ఒక పెద్ద బట్టల దుకాణంలో గోడకు వేలాడుతున్నాను. తైలం పూసి నిగనిగలాడించారు. కింద మిల్లు చీరలు అమ్ముతారు. నన్ను చూపించి చేతి అద్దకమేనని నమ్మిస్తారు.

నా పక్కన ఈమధ్యే ఒక రాగి అచ్చును తగిలించారు. జావా దీవి నుంచి వచ్చిందట, అక్కడి గుడ్డల మీద రంగు అంటకుండా మైనపు పువ్వులు అద్దేదట. దాని బతుకునూ మరలే తినేశాయని దుకాణం మేనేజరు ఎవరికో చెబుతుంటే విన్నాను. దాని భాష నాకు రాదు, నా తెలుగు దానికి రాదు. కానీ దాని పిడి ఒకవైపే అరిగి ఉంది, ఏదో ఒక అరచేయి పట్టినంత మేర. అది చూసిన రోజున, సముద్రాలు దాటి లోకం మమ్మల్నిద్దర్నీ ఇలా ఒక గోడకు చేర్చడానికేనా ఇంత హడావుడి చేసింది అనిపించింది. జాలి కూడా వేసింది.

అయితే వచ్చినవాళ్లు ముందు ఆ రాగి మెరుపుకే ఫోటో తీస్తారు. తర్వాతే నా వంక తిరుగుతారు. ఆ కాస్త వ్యవధిలో నాకు ఒళ్లు మండిపోతుంది.