పది ఇళ్ల రాయబారి

దుప్పటి పొడవు మనిషి పొడవుకు తక్కువ కాకూడదన్నది నాగరికత యావత్తూ ఏకగ్రీవంగా అంగీకరించవలసిన ప్రథమ సూత్రం. స్వేచ్ఛ, సమానత్వం, ప్రపంచశాంతి వగైరా సూత్రాలన్నీ అరికాళ్లు వెచ్చబడ్డాక మాత్రమే మనిషికి స్ఫురిస్తాయి. ఆ ఏడాది జూన్ నెలలో, అంటే భూమధ్యరేఖకు దిగువన నడి చలికాలంలో, ఇలుంగే లోయలో ఈ ప్రథమ సూత్రానికి ఘోరమైన భంగం కలిగింది. దుప్పటి పొట్టిదై కాదు, అసలు లేక.

అప్పటికి ఆ లోయ భూగోళం మీద మహా ముఖ్యమైన స్థలమైపోయింది. ఏటికి ఈవల అమెరికావాళ్లు రోడ్డు వేస్తున్నారు. ఆవల చైనావాళ్లు రైలు మార్గం వేస్తున్నారు. రెండూ ఒకే ఓడరేవులో బయలుదేరి ఒకే రాగిగనుల దేశానికి పోతాయి. ఒకే చోటికి రెండు దారులెందుకని అడిగే అమాయకులు టాంజానియాలో చాలామందే ఉండేవారు. వాళ్లకు ప్రపంచ రాజకీయాలు తెలియవు. రైలుకూత ముందు విన్న నల్లవాడు ఎర్రబడతాడని ఒకరి భయం. లారీ హారను ముందు విన్నవాడు తెల్లబడతాడని మరొకరి భయం. అందుచేత ఏరు దాటి అవతలి కూలీతో మాట్లాడరాదని రెండు క్యాంపుల్లోనూ ఒకే శాసనం అమలయ్యేది. అన్నదమ్ములు చెరో ఒడ్డున కంకర మోస్తూ, ఒకరినొకరు చూసి తల తిప్పుకునేవారు.

ఏటి రేవు పక్కన వెదురు తోపులో అటుపెలే ఇల్లు. ఆమె వెదురు కల్లు తీసి అమ్ముతుంది. దానికి తోడు ఆమె బలోజి. పది ఇళ్లకొక పెద్దను ఎన్నుకోమని పాలకపక్షం ఆదేశించి, ఆ పెద్దకు పెట్టిన పేరది. బలోజి అంటే రాయబారి. మహాసముద్రాలు దాటివచ్చి అధ్యక్షుడి ఎదుట పత్రాలు సమర్పించే దొరకూ ఆ మాటే. పొరుగింటి మేక మొక్కజొన్న తిన్నదని వచ్చినవాడి తగువు తీర్చే అటుపెలేకూ ఆ మాటే. ఆ దేశంలో పుట్టినవారెవరికీ ఇందులో అయోమయం లేదు.

ఒకనాడు తెల్లవారగానే ఆమె కల్లుకుండ నెత్తిన పెట్టుకుని రోడ్డు క్యాంపుకు పోయింది. రేకుల షెడ్డులోంచి నలుగురు కూలీలు లుతెంగానో అనే కుర్రాణ్ణి మోసుకొస్తున్నారు. మీసమింకా సరిగా రానివాడు. దగ్గుతో పడుకుని, మంచుకు బిగుసుకుపోయి, ఇక లేవలేదు. ఒంటి చుట్టూ సిమెంటు కాగితపు సంచులు చుట్టుకుని ఉన్నాడు. షెడ్డులో అందరికీ పరుపూ అవే, కప్పుకునేవీ అవే. మేస్త్రీ ఎదురొచ్చి శవాన్ని దింపించాడు.

"సంచులు కంపెనీవి," అన్నాడు. "తిరిగి అప్పజెప్పాలి."

ఎవరూ కదలకపోతే తానే కూర్చుని ఒక్కొక్క సంచీ లాగి, దుమ్ము దులిపి, మడతపెట్టాడు. చలిలో ఆ కుర్రాడు చచ్చిపోయాక కూడా వణుకుతున్నట్టు అనిపించింది. అటుపెలే కుండ దించి, భుజం మీది కాంగా గుడ్డ తీసి అతని మీద కప్పింది. ఆ పొద్దు ఆమె ఎవరికీ కల్లు పోయలేదు.

తర్వాతి రోజుల్లో ఆమె కూలీలను వెంటబెట్టుకుని ముగ్గురి దగ్గరికి పోయింది. రోడ్డు క్యాంపు మేనేజరు హెన్లీ ఎంతో మర్యాదగా విన్నాడు. ఒప్పందంలో కంకర ఉంది, తారు ఉంది, దుప్పటి లేదన్నాడు. ఆఫ్రికా వేడి ఖండమని తమ దేశంలో ఏనాడో తీర్మానమైపోయిందట. రైలు క్యాంపు దుబాసీ లూ, మంచుకొండల మీద విప్లవం నడిపినవారికి దుప్పట్లు లేవని గుర్తుచేశాడు. గుర్తుచేస్తున్నంతసేపూ దూదికోటు గుండీలు మెడదాకా పెట్టుకునే ఉన్నాడు. పార్టీ శాఖ కార్యదర్శి మ్సూయా, దేశం స్వావలంబన మార్గంలో సాగుతోందనీ, చలి స్వదేశీ వస్తువే గనక దాన్ని స్వశక్తితోనే ఎదుర్కోవాలనీ ఉపన్యసించాడు. చలికి చేతులు కొంకర్లు పోయి ఎవరికీ చప్పట్లు రాలేదు.

ఆ ఉపన్యాసం విన్న సాయంత్రమే అటుపెలే రెండు క్యాంపుల కూలీలనూ తన పెరట్లోకి పిలిచింది. తన కల్లు తాగేవాళ్లంతా తన పది ఇళ్లలోని వాళ్లేనని, బలోజి పిలిస్తే రావలసిందేనని కబురు చేసింది. వచ్చారు గాని రోడ్డువాళ్లు ఒక పక్క, రైలువాళ్లు ఒక పక్క కూర్చున్నారు. ఏ మాటన్నా పొద్దున్నకల్లా అది ఏ దొర చెవిలో పడుతుందోనని ఎవరి పెదవీ విడివడలేదు. సరిగ్గా అప్పుడే గ్వామకా వచ్చాడు. అటుపెలే చెల్లెలి మొగుడు, రైలు కూలీ. అతని ఒంటిమీద నీలంరంగు దూదికోటు ఉంది. చైనావాళ్లకు తప్ప ఎవరికీ ఇవ్వని కోటు.

అటుపెలే తమ్ముడు అంబోకిలే రోడ్డు కూలీ, నోటి దురుసు మనిషి. కోటును పైనుంచి కిందికి చూశాడు.

"ఏం బావా, కొత్త కోటు? మా మీద ఎన్ని చాడీలు చెబితే ఇచ్చారేంటి?"

"నీ మీద చెప్పడానికేముందిరా, తాగి వాగడం తప్ప."

"మరి ఊరికే ఇచ్చారా?"

"మందుపెట్టి రాయి పేల్చే ముసలాయన ఇచ్చాడు. వాళ్ల మనిషే. నా దగ్గు విని, తనది విప్పి ఇచ్చాడు. మర్నాడు ఆయన్ని ఎక్కడికో మార్చేశారు."

"బాగుంది. అడుగుదామంటే ఇచ్చినోడు లేడు."

నవ్వులు లేచాయి, మంచి నవ్వులు కావు. రైలువాళ్లలో ఇద్దరు లేచి నిలబడ్డారు. అటుపెలేకు కూడా మరిది మీద నమ్మకం కుదరలేదు. గోడలకు చెవులు అమర్చే యంత్రాలు దొరల దగ్గరున్నాయని రోడ్డు క్యాంపులో అనుకుంటుండగా విన్నది. గోడకు అమర్చినవాళ్లకు కోటు ఒక లెక్కా?

"విప్పు మరిదీ," అంది.

వెదురు చిగుళ్లు కోసే కత్తితో ఆమె లైనింగు చీరింది. తీగె ముక్క కోసం, కాగితం కోసం, ఇనప పురుగు కోసం వేళ్లతో కెలికింది. అటువాళ్లూ ఇటువాళ్లూ దీపం చుట్టూ మూగి, భుజాలు రాసుకుంటూ లోపలికి తొంగిచూశారు. రెండు మహాసామ్రాజ్యాల కూలీలు చరిత్రలో మొదటిసారిగా తలలు కలిపింది ఆ కోటు కడుపులోనే. దూది తీస్తే దూది వచ్చింది. దూది కింద దూది ఉంది. మెడ దగ్గర మాత్రం పాత చిరుగొకటి, బియ్యం బస్తా గుడ్డతో వేసిన అతుకు.

"వాడూ కూలోడే," అన్నాడు గ్వామకా. "మీకు ఇప్పుడు తెలిసింది. నాకు వాడు విప్పుతున్నప్పుడే తెలిసింది."

అంబోకిలే వంగి, దొర్లిపోతున్న దూది ఏరి అక్కకు అందించాడు. ఆమె సూదీ దారం తెప్పించి కోటు కుట్టడం మొదలుపెట్టింది. ఆ కుట్టడమే సభ అయింది. తల ఎత్తకుండానే మాట్లాడింది.

"మనల్ని మనం అనుమానించుకున్నన్నాళ్లూ దుప్పటి రాదు. వాళ్లిద్దరూ ఒకళ్లనొకళ్లు అనుమానించుకుంటే వస్తుంది. అనుమానం వాళ్ల సొత్తు. మన ఇళ్లలో దాచిపెట్టడమెందుకు? వాళ్లది వాళ్లకే ఇచ్చేద్దాం."

ఎలాగని అడిగారు. రోడ్డుకైనా రైలుకైనా కంకర వచ్చేది ఒకే కొండ నుంచి గదా, అక్కడ సుత్తి ఆగితే ఆపించింది అవతలివాడేనని ఇద్దరూ అనుకుంటారు అంది.

సోమవారం పొద్దున కొండ క్వారీలో రెండు ముఠాలూ పని మాని కలిసి కూర్చున్నాయి. సుత్తులు ఒకే కుప్పగా పోశారు; ఎవరిది ఏ దేశపు సుత్తో చెప్పడం కష్టమైంది. హెన్లీ జీపులో వచ్చాడు. కూలీల భాష అతను పుస్తకంలో నేర్చుకున్నాడు, పుస్తకంలో ఉన్న మేరకు బాగానే మాట్లాడతాడు. పని ఆపమన్నది ఎవరని అడిగాడు.

"బలోజి," అన్నాడు అంబోకిలే.

హెన్లీ ముఖం మారింది. "ఏ దేశపు బలోజి?"

"ఏ దేశమేంటి సారూ? మా బలోజే. ఏటి పక్కన వెదురు తోపులో ఉంటుంది."

అవతల లూ కూడా గ్వామకాను ఇదే అడిగాడు. అతనూ ఆ భాషను తన రాజధానిలో, పుస్తకంలోనే నేర్చుకున్నాడు. బలోజి చెబితే తప్ప లేవమని గ్వామకా అన్నాడు. ఆ బలోజిని ఎన్నిసార్లు కలిశారని అడిగితే, రోజూ సాయంత్రం కలుస్తామని, కల్లు తాగుతామని చెప్పాడు. లూ ఆ మాట రాసుకుని కింద రెండు గీతలు గీశాడు.

ఆ వారం రెండు గూఢ సందేశాలు భూమికి చెరో చెంపన ప్రయాణం చేశాయి. ఇలుంగే లోయలో ఒక రాయబారి మారువేషంలో వెదురు తోపున నివసిస్తూ, స్త్రీవేషం కూడా ధరించి, మద్యం ముసుగులో శ్రామికులను రెచ్చగొడుతున్నాడని రెండింటి సారాంశం. రెండు దేశాల అధికారులూ తమ రాయబారి రాజధానిలోనే సుఖంగా భోంచేస్తున్నాడని నిర్ధారించుకున్నారు. కాబట్టి వెదురు తోపులోవాడు అవతలిపక్షంవాడే అయి ఉండాలని, ఎంతో తర్కబద్ధంగా, ఎవరికి వారు తేల్చుకున్నారు. ఎవరికి వారు ప్రభుత్వానికి ఫిర్యాదు చేశారు. ఇద్దరి దగ్గరా చెయ్యి చాపిన ప్రభుత్వం ఇద్దరికీ భయపడి, బలోజిని పట్టుకోమని జిల్లాకు ఆజ్ఞ పంపింది.

ఇన్‌స్పెక్టరు ఆ మన్యంలో పుట్టినవాడే. తాను ఎవరిని పట్టుకుంటున్నాడో అతనికి తెలుసు. కాని పైనుంచి వచ్చిన మాటలో తప్పుందని పైకి చెప్పే ఆచారం ఏ దేశపు పోలీసుల్లోనూ లేదు. అటుపెలే కల్లు వడగడుతోంది.

"ఏం సారూ, మేక తగువా?" అంది.

"కాదమ్మా. రాజ్యాల తగువు. పద."

మ్సూయా క్వారీకి పోయి, అటుపెలే విదేశీ మనిషని తేలిపోయిందని, అంతా ఒప్పేసుకుందని ప్రకటించాడు. సోదరులారా, పనిలోకి రండి, దుప్పట్ల సంగతి ఆలోచిస్తామన్నాడు. ఏ విదేశమో అతను చెప్పలేదు. రోడ్డువాళ్లు ఒకటనుకున్నారు, రైలువాళ్లు ఇంకొకటనుకున్నారు. విషం పనిచేసింది. కొందరు సుత్తుల వైపు నడిచారు. "ఆమె ఎవరి మనిషో మనకేం తెలుసు?" అని ఒక ముసలి కూలీ గొణిగాడు. "ఇద్దరి దగ్గరా కల్లు అమ్ముతుంది గదా." అంబోకిలే అతని మీదికి పోబోతే పదిమంది అడ్డుకున్నారు.

గ్వామకా కోటు విప్పి, తిరగేసి, కుట్టు కనపడేలా పైకెత్తి పట్టుకున్నాడు.

"నన్ను అనుమానించింది. మీ అందరి ముందూ చీరి చూసింది. ఏమీ లేకపోతే మీ అందరి ముందూ కుట్టింది. మ్సూయా, నీ దగ్గర ఆమెవి చీరి చూపించడానికి ఏమున్నాయి? ఉంటే చూపించు. లేకపోతే తప్పుకో."

మ్సూయా పక్కకు తప్పుకున్నాడు. జనం లేచారు, సుత్తుల వైపు కాదు.

సిమెంటు సంచులకు చేతులూ తలా పట్టేట్టు చిల్లులు చేసి తొడుక్కుని, రెండు క్యాంపుల కూలీలూ జిల్లా కేంద్రానికి నడిచారు. ఏరు దాటేటప్పుడు ఎవరూ తల తిప్పుకోలేదు. సంచులు తిరిగి అప్పజెప్పమని మేస్త్రీ అడ్డం వచ్చాడు. లుతెంగానోను అడిగి తీసుకోమన్నారు. దారిలో ప్రతి పల్లె దగ్గరా ఆ పల్లె బలోజిలు కలిశారు. మేకల గురించీ గట్ల గురించీ ఏళ్లుగా మాటల్లేనివాళ్లు కూడా వచ్చారు. దొర మాట మీద ఒక బలోజిని పట్టుకుపోతే రేపు తమ గతేమిటన్నది వాళ్ల ప్రశ్న. భూమ్మీద ఏ రాజధానిలోనూ అంతమంది రాయబారులు దుమ్ముకాళ్లతో ఒకే వరుసలో నడిచి ఉండరు.

పోలీసు స్టేషను ముందు జీపులు రెండు ఎదురెదురుగా ఆగాయి. హెన్లీ, లూ ఒకరినొకరు చూడకుండా, ఒకే మాట అన్నారు: ఆ రాయబారిని చూపించండి. ఇన్‌స్పెక్టరు ఆవరణ వంక చూశాడు.

"ఎవర్ని చూపించమంటారు? ఆ ముందు వరుసంతా బలోజిలే."

ఇద్దరూ ఆ వరుసను చూశారు. ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చిందని వాళ్ల చెమటలే చెప్పాయి. ఏ కూటమిలోనూ చేరని దేశాలన్నీ తమకు తెలియకుండా ఇక్కడ మహాసభ జరుపుకుంటున్నాయి. అవతలివాడికి మాత్రం ముందే తెలుసు. మన బలోజిని వదలండి, మా దుప్పట్లు మాకివ్వండి అన్న నినాదం ఆ వరుస వెనక నుంచి లేచి బజారు దాకా పోయింది. బజారువాళ్లు కొట్లు మూసి వచ్చి కూర్చున్నారు. కానిస్టేబుళ్లకు కొట్టమని ఉత్తర్వు వచ్చింది. వాళ్లు లాఠీలు పట్టుకుని నిలబడ్డారు గాని కొట్టలేదు. వాళ్ల ఇళ్లకూ బలోజిలున్నారు, ఆ బలోజిలు అక్కడే కూర్చుని వాళ్లను పేరుపేరునా చూస్తున్నారు.

అవతలివాడికంటే ముందు దుప్పట్లు పంచకపోతే లోయ చేజారిపోతుందని రెండు దేశాలూ ఒకే రోజున గ్రహించాయి. లారీలు రెండువైపుల నుంచీ బయలుదేరాయి. మర్నాడు అటుపెలేను వదిలారు. మెట్ల మీద హెన్లీ, లూ ఇద్దరూ నిలబడి, ఎవరి దుప్పట్లు ముందు తీసుకుంటారని గౌరవంగా అడిగారు.

"ఎవరిదైనా కప్పుకుంటాం," అంది ఆమె. "కప్పుకున్నామని ఎవరి పక్కనా పడుకోం. లుతెంగానో తల్లికి మీరు జవాబు చెప్పేదాకా కొండ మీద రాయి కదలదు."

జనం ఆమెను భుజాల మీద ఎత్తుకుని ఏరు దాటించారు. ఆ చలికాలం మిగిలినన్నాళ్లూ క్వారీ నిశ్శబ్దంగా ఉంది. రెండు అగ్రరాజ్యాల రెండు దారులూ దానికి చెరోవైపున ఆగిపోయి ఉన్నాయి.

ఆమెను పదవి నుంచి నిబంధనల ప్రకారమే తొలగించాలని మ్సూయా పల్లెకు వచ్చి, ఇల్లిల్లూ తిరిగి లెక్కపెట్టాడు. ఒక ఇల్లు నిరుటి వానలకు కూలిపోయింది, అందులోని ముసలాయన కొడుకు దగ్గరికి పోయాడు. అటుపెలే కింద ఉన్నవి తొమ్మిది ఇళ్లే. నిబంధనల ప్రకారం ఆమె అసలు బలోజే కాదు; బలోజి కానివారిని తొలగించే నిబంధన లేదు.