దసరా నాడు ఆగిన డబ్బ

అర్రల చప్పుడు లేదు. వాకిట్లనే యాస్మిన్ కాళ్లు ఆగిపోయినయి.

ఏడేండ్ల సంది, వాన కొట్టినా కరెంటు పోయినా, ఆ ఆఫీసు అర్ర మూలకు టేబుల్ కింద కంప్యూటర్ డబ్బ గుర్రుమంటనే ఉంటది. ఇటు వనపర్తిల, అటు నాగర్‌కర్నూల్, గద్వాలల ఎవరికి రక్తం కావాలన్నా ఆ డబ్బలున్న వెబ్‌సైటే దిక్కు. ఎవరిది ఏ గ్రూపు, ఎవరి ఫోన్ నంబరేంది, అన్నీ దాంట్లనే. యాస్మిన్ ఒక్క మీట నొక్కిందంటే ఆ గ్రూపోళ్లందరికీ మెసేజ్ పోతది.

అసొంటి డబ్బ ఇప్పుడు సప్పుడు జేయకుంట కూసున్నది. దానికి పసుపు, బంతిపూల దండ, ముందట కొట్టిన కొబ్బరికాయ. పక్కన నాగేంద్రమ్మ కొంగు నడుముకు చెక్కుకొని నవ్వుకుంట నిలబడ్డది.

"వచ్చినవా బిడ్డా? నీకోసం ఆగుదామంటే వర్జ్యం వస్తుందాయె. పూజ నేనే చేసేసిన. ముందు టేబుల్ మీది టీవీ బంద్ చేసిన. ఇంకా గుర్రుమంటనే ఉండె. నువ్వు ఏటా చెప్తవు గద, అది ఇన్వర్టర్ చప్పుడని? అందుకే ఇన్వర్టర్ గూడ బంద్ పెట్టిన. గోడకున్న మీటలన్నీ బంద్. ఏడాదికొక్కనాడన్న ఇనుము సేదదీరాలె గద!"

యాస్మిన్ డబ్బ మీద చెయ్యి పెట్టి చూసింది.

నాగేంద్రమ్మ పెనిమిటి కురుమయ్య దవాఖానల కంపౌండర్‌గ చేసిండు. రక్తం దొరకక ఒక బాలింత కండ్ల ముందటనే పోతే తట్టుకోలేక, కొలువు దిగినంక ఈ సైటు పెట్టించి, దాన్ని సూసుకునే కొలువు యాస్మిన్‌కు ఇచ్చిండు. పోయిన దసరా అయినంక ఆయన గూడ పోయిండు. డబ్బ ముసలిదైంది, ఎన్నడు పోతదో తెల్వదని ఈసారి హైదరాబాద్‌ల కొత్త సర్వర్ కిరాయికి తీసుకున్నరు. అక్కడి మధు అనే పిలగాడు పాత డబ్బలున్నదంతా ఫోన్ లైన్ మీదనే కొత్తదాంట్లకు గుంజుతుండు. లైను జూస్తే నత్త. నిన్న మొదలువెట్టిన పని ఇంకా ఒడవలేదు. "అక్కా, ఏమన్న గానీ పాతదాన్ని బంద్ కానియ్యకు. ఏడేండ్లు ఆగకుంట తిరిగిన డిస్కు అది. ఒక్కసారి ఆగిందంటే మళ్ల లేస్తదన్న భరోసా లేదు" అని మొత్తుకొని మరీ చెప్పిండు. ఆమె ఇంటికి పోయి ఇంత ముద్ద తిని వచ్చేటాల్లకు గిట్లయింది.

ముసలామెను ఏమని అంటది? ఏటా దసరాకు నాగేంద్రమ్మ, కురుమయ్య పూజకు వచ్చేటోళ్లు. ముసలామె టీవీ అనే తెరనొక్కటే యాస్మిన్ బంద్ చేసి "అయిపోయిందమ్మా, పండుకున్నది" అనేది. డబ్బ మాత్రం నడుస్తనే ఉండేది, ఆ గుర్రు ఏందంటే ఇన్వర్టర్‌దని చెప్పేది. ముసలామె ఖుషీ, సైటు ఖుషీ, గంత చిన్న అబద్ధానికి ఎవరి ముల్లె పోతదనుకున్నది. ఇగో, ఇప్పుడు పోయింది.

యాస్మిన్ మీటలన్నీ వేసింది. డబ్బల ఫ్యాను తిరిగింది. లోపల డిస్కు టిక్కుమన్నది, మళ్లొకసారి టిక్కుమన్నది, ఆగిపోయింది. డిస్కు కానొస్తలేదని టీవీ మీద తెల్లగ రాసొచ్చింది. "యా అల్లా, ఒక్కసారి లేపు" అనుకుంట మళ్ల వేసింది. మళ్ల గదే.

మధుకు ఫోన్ చేసింది. "పేజీలన్నీ వచ్చినయక్కా" అన్నడు వాడు. "నంబర్లు ఆఖరికి పెట్టిన. అవి రాలే." ఎన్నడో నంబర్లు తీసిపెట్టిన సీడీ ఉంటే దాన్ని వేసి చూసింది. గీతలు పడ్డదేమో, తెరుచుకోలేదు.

అప్పుడే ఆఫీసు ఫోన్ మోగింది.

"మేడం, మాది వీపనగండ్ల. నా పేరు భీమయ్య. నా పెండ్లాం రుక్కమ్మకు ఈడ వనపర్తి దవాఖానల కాన్పయింది, నెత్తురు ఆగుతలేదు. ఓ నెగెటివ్ అంట. మహబూబ్‌నగర్‌ల గూడ లేదన్నరు. డాక్టరమ్మ మీకే చెయ్యమన్నది. జర జల్ది, మేడం!"

ఓ నెగెటివ్ అంటే నూరుమందిల ఒకరో ఇద్దరో ఉంటరు. యాస్మిన్ సెల్లుల ఇద్దరి నంబర్లున్నయి. ఒకాయనది స్విచ్ ఆఫ్. ఇంకొకాయన పుణెల ఉన్నడు. అంతే. ఇంకెవరూ యాదికొస్తలేరు. ఒక తల్లి పోతది, తన నోటి అబద్ధానికి పోతది. ఫోన్ మళ్ల మోగింది. "దొరికిండ్రా మేడం?" ఇంకా మోగింది. ఈసారి భీమయ్యకు మాట రాలేదు, ఏడ్పొక్కటే.

నాగేంద్రమ్మ ముఖం తెల్లవడ్డది. "నా వల్లనేనా బిడ్డా?"

యాస్మిన్ మళ్లొకసారి మీట వేసి చూసింది.

బయట డప్పులు మోగుతున్నయి. పొద్దు వాలుతుంది, జనం జమ్మికి పోతున్నరు. నాగేంద్రమ్మ కిటికీల నుంచి చూసి చెప్పులేసుకున్నది. "ఊరంతా ఇప్పుడు జమ్మి చెట్టు కాడనే ఉంటది. నడువు."

"నువ్వు జమ్మి కాడికొస్తే ఏమన్న అంటరేమో, అమ్మా" అన్నది యాస్మిన్. మొగడు పోయి ఏడాదన్న నిండలేదు.

"అననీ. అంటే నాకేమన్న బొబ్బలెక్కుతయా?"

జనాన్ని నూకుకుంట పోయింది ముసలామె. ఆడోళ్లు కొందరు పక్కకు జరిగిండ్రు, ఒకామె మూతి తిప్పింది. కమిటీ ఆయన చేతిలున్న మైకు అడగకనే గుంజుకున్నది. "నేను కంపౌండర్ కురుమయ్య పెండ్లాన్ని. ఒక బాలింత సావుబతుకుల ఉన్నది. ఓ నెగెటివ్ రక్తం ఉన్నోళ్లు మీల ఎవరన్న ఉన్నరా? మీ కాళ్లు మొక్కుత, ముందుకు రాండ్రి."

డప్పులు ఆగినయి. ఎవ్వరూ కదల్లేదు. చేతుల్లో జమ్మి ఆకు పట్టుకొని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నరు. యాస్మిన్‌కు ఆ సప్పుడు లేనితనం ఇందాక అర్రల విన్నట్టే ఉన్నది. అయిపోయింది, ఎవరూ లేరు అనుకున్నది.

"నాది ఓ నెగెటివే" అన్నడు వెనుక నుంచి ఒకాయన. కల్వకుర్తి నుంచి అత్తగారింటికి పండుగకొచ్చిన అల్లుడు, పేరు జగదీశ్. కొత్త బట్టల మీదనే బండెక్కిండు. బందోబస్తుకొచ్చిన పోలీసాయన ఒకడు "నాది గూడ" అని టోపీ తీసి చంకల పెట్టుకొని ఉరికిండు.

దవాఖాన బెంచీ మీద నాగేంద్రమ్మ, యాస్మిన్ కూసున్నరు. లోపలి తలుపు తెరుసుకున్నప్పుడల్లా యాస్మిన్ లేచి నిలబడుతున్నది. ఆఖరికి భీమయ్య బయటికొచ్చిండు. చేతిల తెల్లగుడ్డల చుట్టిన పసిగుడ్డు. "నెత్తురు కట్టిందమ్మా. ఇగ భయం లేదన్నది డాక్టరమ్మ. ఆడపిల్ల. ముందు మీరే ఎత్తుకోవాలె" అని నాగేంద్రమ్మ ముందట పిల్లను పట్టిండు.

నాగేంద్రమ్మ రెండు చేతులు కొంగుల దాసుకున్నది.

"వద్దు నాయనా. ఆయన ఉన్నన్నేండ్లు బంద్ చేసిన డబ్బ తెల్లారి మంచిగనే లేచేది. ఈ ఏడు నా ఒంటిచేయి పడ్డది, సచ్చిపోయింది. నా చెయ్యి మంచిది గాదు. పసిదానికి తగలొద్దు."

నిజం చెప్తే యాస్మిన్ కొలువు పోతది. పోనీ.

"అమ్మా, అది ఎన్నడూ బంద్ కాలే. ఏటా నేను టీవీ ఒక్కటే బంద్ చేసిన. డబ్బను ముట్టుకోలే. అది ముసలిదై సచ్చింది. ఎవ్వరు ఆపినా సచ్చేదే. నీ చేతిల ఏం లేదు, తప్పంతా నాది."

నాగేంద్రమ్మ ఆమె దిక్కు సూస్తనే ఉన్నది. కండ్లు నిండినయి.

"ఏడేండ్లు మా ఇద్దరితోని ఉత్త టీవీకి మొక్కిపిస్తివా, దొంగముఖందానా!" అన్నది. అని, కొంగుల నుంచి చేతులు బయటికి తీసి చాపింది. "ఏందయ్యా భీమయ్యా అట్ల నిలబడ్డవు? తే, నా మనుమరాలిని ఇటియ్యి."